హృదయపు విద్యుత్తును వ్రాయించిన ఐంథోవెన్

మన కూచిపూడి ప్రాంతమున పుట్టి పెరిగిన బాలబాలికలకు లయ యనగా నేమో వేఱుగా బోధింపవలసిన పని లేదు. మృదంగము మీది దెబ్బ వీసమంత తప్పినను పసివారు సైతము తల యెత్తి చూతురు. అట్టి లయ యొకటి మన ఱొమ్ములో రేయింబవళ్లు నడచుచున్నది. దినమునకు సుమారు ఒక లక్ష మారులు గుండె కొట్టుకొనును. ప్రతి దెబ్బకును ముందుగా గుండె కండరమునందు స్వల్పమైన విద్యుత్తు పుట్టి, దేహమంతటను వ్యాపించి, చర్మము వఱకు వచ్చును. అచటికి చేరునప్పటికి దాని బలము వోల్టులో వెయ్యవ వంతు మాత్రమే. ఇంత సన్నని దానిని ఉన్నది యున్నట్లు వ్రాయించుటకై తన జీవితములో అధికభాగమును వినియోగించిన విల్లెం ఐంథోవెన్ చరిత్రమును ఈ సంచికలో మా చదువరులకు తెలుపదలచితిమి.

ఈనాడు చేతిగడియారములలోను, ఱొమ్మునకు అంటించు పట్టీలలోను ఇమిడియున్న గోరంత చిప్పు చేయుచున్న పనిని ఆయన మొట్టమొదట 270 కిలోగ్రాముల యంత్రముతో చేయించెను. ఆ యంత్రమునకును ఈ చిప్పునకును గల బంధుత్వమును గూర్చి వ్యాసము కడపట కొంత వ్రాయుదుము. ముందు మనుష్యుని తెలిసికొందము.

ఐంథోవెన్ డచ్చి జాతివాడు. డచ్చివారు కృష్ణా తీరమునకు క్రొత్తవారు కారు. 17వ శతాబ్దారంభముననే వారు బందరులో వర్తకశాల నెలకొల్పిరి. వారి సమాధులు నేటికిని ఆ పట్టణమున నున్నవి. మన తీరమున నేసి అద్దకము వేసిన బట్టలను వారు ఓడలకెత్తి జావా మొదలగు ద్వీపములకు కొనిపోయి, అచట సుగంధద్రవ్యములకు మార్చుకొనుచుండిరి. ఆ జావా ద్వీపముననే, సెమరాంగ్ అను రేవుపట్టణమున, 1860 వ సంవత్సరము మే నెల 21 వ తేదీన మన కథానాయకుడు జన్మించెను. తండ్రి యాకోబ్ ఐంథోవెన్ వైద్యుడు. మొదట సైన్యములో పనిచేసి తరువాత ఆ పట్టణమున వైద్యము చేయుచుండెను. విల్లెం ఆయన సంతానములో మూడవవాడు, కుమారులలో పెద్దవాడు. 1866 లో తండ్రి మరణించెను. అప్పటికి బాలునికి ఆరేండ్లు. తల్లి నాలుగేండ్లు అచటనే గడపి, 1870 లో ఆరుగురు బిడ్డలను వెంటబెట్టుకొని సముద్రము దాటి హాలండులోని ఉట్రెక్ట్ నగరమునకు వచ్చి కాపురముండెను. తండ్రిలేని ఆరుగురు పిల్లలను పరిచయము లేని చలిదేశమున పెంచి పెద్దచేసిన ఆ తల్లిని గూర్చి గ్రంథములలో వ్రాయబడినది చాల తక్కువ. ఇది మాకు లోటుగా దోచుచున్నది.

1878 లో విల్లెం ఉట్రెక్టు విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థిగా చేరెను. చదువునకు వలయు ధనము ప్రభుత్వమిచ్చునట్లును, చదువు ముగిసిన పిమ్మట ఆయన తూర్పుదీవులకు పోయి వైద్యోద్యోగము చేయునట్లును ఒడంబడిక జరిగెను. కావున తండ్రి నడచిన త్రోవయే కుమారునికిని నిర్ణయమైయున్నట్లు కానవచ్చెను. ఇతడు పుస్తకములకే అంటిపెట్టుకొనిన వాడు కాడు. వ్యాయామమునందును కత్తిసాము నందును విద్యార్థి సంఘమునకు అధ్యక్షుడుగా నుండెను. పడవలు నడపు విద్యార్థుల సమాజమును స్థాపించిన వారిలో నొకడు. ఒకనాడు వ్యాయామశాలలో పడి మణికట్టు విఱుగగొట్టుకొనెను. చేయి కట్టుకట్టించుకొని కూర్చున్న దినములలో అతడు అఱచేయి పైకిని క్రిందికిని త్రిప్పునప్పుడు మోచేతి కీలు ఎట్లు పనిచేయుచున్నదో యోచింప మొదలిడి, ఆ విషయమును గూర్చి యొక శాస్త్రవ్యాసమును ప్రకటించెను. మా పాఠశాలలో ఆటలాడి చేతులు విఱుగగొట్టుకొను బాలురు పెక్కుమంది గలరుగాని, ఇట్టి ఫలితము నింకను మేము చూడలేదు.

1885 జూలైలో ఆయనకు డాక్టరు పట్టము లభించెను. ఒకే దూరమున నున్న ఎఱుపు, నీలము రంగులు కొందఱికి ముందు వెనుకలుగా నేల కనబడుచున్నవో వివరించుట ఆ పరిశోధన విషయము. ఆ సంవత్సరముననే లైడెన్ విశ్వవిద్యాలయమున శరీరశాస్త్రాచార్యుని పదవి ఖాళీకాగా, దానికి ఇరువదియైదేండ్ల ఐంథోవెన్ ఎన్నుకొనబడెను. తూర్పుదీవుల ఉద్యోగము తప్పెను. మరుసటి సంవత్సరమారంభమున ఆ పదవిని స్వీకరించి, మరణించువఱకు, అనగా నలువదియొక్క సంవత్సరములకు పైగా, ఆయన లైడెన్‌ను విడువలేదు. 1886 లోనే మేనబంధువులలోని కన్యను వివాహమాడెను. వారికి నలుగురు బిడ్డలు కలిగిరి.

ఇక అసలు కథకు వచ్చెదము. 1887 లో లండను నగరమున ఆగస్టస్ వాలర్ అను శాస్త్రజ్ఞుడు మానవుని గుండె విద్యుత్తును చర్మము మీదినుండి మొదటిసారిగా పట్టి చూపెను. ఆయన వాడిన సాధనము లిప్‌మన్ అను ఫ్రెంచివాడు కల్పించినది. వెండ్రుకవంటి సన్నని రంధ్రము గల గాజుగొట్టములో పాదరసమును, దానికి తగులునట్లు గంధకికామ్లమును ఉంచుదురు. విద్యుత్తు సోకినప్పుడు పాదరసపు మొన కొంచెము కదలును. ఆ కదలిక నీడను, నడచుచున్న ఛాయాచిత్రపు పలక మీద పడునట్లు చేసిన యెడల ఒక వంకరగీత ఏర్పడును. వాలర్ తన పెంపుడు కుక్కను ఉప్పునీటి పాత్రలలో కాళ్లుంచి నిలువబెట్టి, దాని గుండె విద్యుత్తును సభలలో చూపుచుండెను. 1889 లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున జరిగిన శరీరశాస్త్రజ్ఞుల మహాసభలో ఆయన చూపిన ప్రయోగమును ఐంథోవెన్ కన్నులార చూచెను. ఈ పని వైద్యమునకు అంతగా ఉపయోగించునని వాలరుకు ఆ కాలమున తోచలేదు. చూడవచ్చిన యువకునికి మాత్రము అది మనస్సున నాటుకొనెను.

పాదరసము బరువైన ద్రవము. గుండెలోని ప్రధాన విద్యుత్తరంగము సెకనులో సుమారు పదవవంతు కాలములోపల పుట్టి అణగిపోవును. పాదరసము కదలుటకు సిద్ధపడునప్పటికే తరంగము దాటిపోవును. వేగముగ పాడు గాయకుని వెనుక మందముగ వ్రాయు లేఖకుని కూర్చుండబెట్టినచో, వాడు కొన్ని మాటలు మింగి కొన్ని మాటలు సాగదీసి వ్రాయును గదా! పలక మీది గీత అట్టిదే. అది గుండె వ్రాత కాదు, పాదరసపు వ్రాత.

ఇతరులు ఈ సాధనము పనికిరాదని వదలియుండెడివారు. ఐంథోవెన్ చేసినపని వేఱు. సాధనపు మాంద్యమును ఆయన కొలిచెను. తెలిసిన విద్యుత్తును ఒక్కసారి సోకించి పాదరసము ఎంతసేపటికి ఎంత కదలుచున్నదో చూచెను. ఏ క్షణమున గీత ఎంత యేటవాలుగా నున్నదో కొలిచి, ఆ యేటవాలును బట్టి, అప్పుడు నిజముగా నున్న విద్యుత్తు ఎంతయో లెక్కకట్టెను. ఇట్లు బిందువు తరువాత బిందువును దిద్దుకొనిపోగా మఱియొక గీత తేలెను. దిద్దని గీత యందు నాలుగు మలుపులు మాత్రము కనబడుచుండెడివి. వానికి ఏ, బి, సి, డి అని పేర్లు. దిద్దిన గీతలో ఐదు కనబడగా, పాతవానితో కలిసిపోకుండుటకై 1895 లో వానికి పి, క్యూ, ఆర్, ఎస్, టి అని పేర్లు పెట్టెను. పి అనునది గుండె పై గదులది. క్యూ, ఆర్, ఎస్ అను మూడును క్రింది గదులు ముడుచుకొనుటకు ముందు వచ్చునవి. టి అనునది అవి తిరిగి తేఱుకొనునప్పటిది. ఆ అక్షరములే నేటికిని లోకమంతటను వైద్యులు వాడుచున్నారు.

మా చదువరులు ఇచట నొక్కింత ఆగవలెను. ఆ ఐదు తరంగములను ఆనాటికి ఎవ్వరును కంటితో చూచియుండలేదు. వానిని చూపగల సాధనము లోకమున లేదు. ఐంథోవెన్ వానిని లెక్కలో కనెను. ఆ లెక్క తప్పైయుండినచో ఆయన పేరు పెట్టినది లేని వస్తువునకై యుండును. ఆ తరువాత ఆయన శ్రమయంతయు, లెక్క లేకుండగనే ఆ గీతను సరిగా వ్రాయగల సాధనమును కనుగొనుటకు, అనగా ఒక విధముగా తన మీద తానే సాక్ష్యము తెచ్చుకొనుటకు వినియోగమైనది. ఆయన జీవితములో మాకెల్ల మిన్నగా తోచునది ఇదియే.

లైడెన్‌లోని ప్రయోగశాల పాతది. రాళ్లు పఱచిన వీధి దాని ప్రక్కనే యుండెను. గుఱ్ఱపుబండి పోయినపుడెల్ల నేల అదరి పాదరసము వణకుచుండెను. సాధనము క్రింద లోతుగ గోతిని త్రవ్వించి, బండరాళ్లతో నింపించి, ఆ పునాది మీద సాధనమును నిలుపవలసి వచ్చెను.

1901 లో ఆయన క్రొత్త సాధనమును గూర్చి ప్రకటించెను. దీనిని తంత్రీ గాల్వనోమీటరు అందురు. మిక్కిలి బలమైన విద్యుదయస్కాంతపు రెండు ధ్రువముల నడుమ సన్నని తంత్రిని బిగించి, గుండె విద్యుత్తును దాని గుండ ప్రవహింపజేయుదురు. ప్రవాహము ఎంతయో దానికి తగినట్లు తంత్రి ప్రక్కకు వంగును. ఇట్టి యేర్పాటు ఒకటి ఫ్రాన్సు దేశపు క్లెమాన్ అడేర్ అను ఇంజనీరు సముద్రము క్రింది తంతివార్తలను అందుకొనుటకై 1897 లోనే చేసియుండెను. కాని అతని తీగ గుండె విద్యుత్తునకు వంగునంత సన్ననిది కాదు. ఐంథోవెన్ వాడినది స్ఫటికశిలను కరగించి తీసిన పోగు. కరగిన స్ఫటికమును బాణమునకు అంటించి వింటితో విడిచినచో, బాణము వెంట స్ఫటికము సాగి కంటికి కనబడని పోగుగా మాఱును. ఈ యుపాయము బాయ్స్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞునిది. అట్టి పోగు మందము మిల్లీమీటరులో వెయ్యింట రెండు మూడు వంతులు మాత్రమే. దానికి విద్యుత్తు నడచుటకై వెండిపూత పూసిరి. తీగ ఎంత తేలికయైన అంత చుఱుకుగ కదలును. పాదరసపు మాంద్యము ఇట్లు తొలగెను.

అంత సన్నని తీగ కదలికను చూచుటకు ఆర్క్ దీపపు వెలుగును సూక్ష్మదర్శినితో కేంద్రీకరించి, తీగ నీడను సుమారు ఆఱు వందల రెట్లు పెంచి, కదలుచున్న పలక మీద పడవేసిరి. అయస్కాంతము వేడెక్కకుండ దాని చుట్టును నీరు ప్రవహింపజేసిరి. యంత్రమంతయు రెండు గదులను ఆక్రమించెను. దానిని నడపుటకు ఐదుగురు మనుష్యులు కావలసి వచ్చిరి. రోగి రెండు చేతులను, ఒక కాలిని ఉప్పునీటి తొట్లలో నుంచుకొని కదలక కూర్చుండవలెను. 1902 లో ఈ యంత్రము వ్రాసిన మొదటి గీత వెలువడెను. 1903 లో వివరమైన వ్యాసము ప్రకటింపబడెను. క్రొత్త గీతను, ఎనిమిదేండ్లకు ముందు లెక్కకట్టి గీచిన గీత ప్రక్కన నుంచి చూడగా రెండును కలిసినవి. పి, క్యూ, ఆర్, ఎస్, టి ఐదును ఉండెను.

యంత్రము సిద్ధమైనది గాని రోగులు లేరు. వైద్యశాల ప్రయోగశాలకు సుమారు ఒకటిన్నర కిలోమీటరు దూరమున నున్నది. మంచము నుండి లేవలేని హృద్రోగిని యంత్రము కడకు తెచ్చుట యెట్లు? యంత్రమును రోగి కడకు కొనిపోవుట అంతకంటె అసాధ్యము. అందుచేత టెలిఫోను తీగను రెండు భవనముల నడుమ వేయించి, రోగి వైద్యశాలలోనే యుండగా అతని గుండె విద్యుత్తును ప్రయోగశాలకు రప్పించిరి. ఇది 1905 మార్చిలో జరిగెను. మరుసటి సంవత్సరము ఆయన ఈ దూరలేఖనమును గూర్చి ప్రకటించిన వ్యాసమున వివిధ హృద్రోగముల గీతలు గలవు. రోగియు యంత్రమును ఒకచోట లేకపోవుట యను ఈ చిక్కునే తీర్చుటకు తరువాతి నూఱు సంవత్సరములును ఇంజనీర్లు పాటుపడిరి.

యంత్రమును విక్రయమునకై తయారు చేయుటకు మొదట మ్యూనిక్ నగరపు ఎడెల్‌మన్, తరువాత ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి సైంటిఫిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీవారు పూనుకొనిరి. ఈ కంపెనీ స్థాపకులలో ముఖ్యుడు హొరేస్ డార్విన్, సుప్రసిద్ధుడైన చార్లెస్ డార్విన్ కుమారుడు. లండనులో థామస్ లూయిస్ అను వైద్యుడు ఈ యంత్రముతో గుండె లయ తప్పు రోగములను ఒక్కొక్కటిగా వేఱుపఱచి చూపెను. నాడి పట్టి చూచిన వైద్యునికి లయ తప్పినదని మాత్రము తెలియును. పై గదిలో తప్పినదో క్రింది గదిలో తప్పినదో గీత చెప్పును.

1912 ప్రాంతమున ఐంథోవెన్ మఱియొక ముఖ్యవిషయమును స్థిరపఱచెను. కుడిచేయి, ఎడమచేయి, ఎడమకాలు అను మూడు చోటులను త్రిభుజపు మూడు మూలలుగా భావింపుము. కుడిచేతికి ఎడమచేతికి నడుమ గల విద్యుద్భేదము మొదటిది. కుడిచేతికి కాలికి గలది రెండవది. ఎడమచేతికి కాలికి గలది మూడవది. ఏ క్షణమున చూచినను మొదటిదియు మూడవదియు కూడినచో రెండవది వచ్చును. మన నాలుగవ ఫారము బాలుడు సయితము ఈ కూడికను సరిచూడగలడు. దీనివలన లాభమేమనగా, రెంటిని వ్రాసికొనిన మూడవదానిని వ్రాయనక్కఱలేదు, లెక్కకట్టవచ్చును. ఈనాటి చిప్పులును ఇట్లే చేయుచున్నవి. వైద్యుడు పండ్రెండు గీతలు చూచునపుడు వానిలో ఎనిమిది మాత్రమే కొలిచినవి. తక్కిన నాలుగును లెక్కవలన వచ్చినవి.

1924 లో ఐంథోవెన్‌కు వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము ప్రకటింపబడెను. ఆ సమయమున ఆయన అమెరికాలో ఉపన్యాసములిచ్చుచు తిరుగుచుండెను. బహుమానపు ధనమును గూర్చి యొక కథ చెప్పుదురు. తంత్రీ గాల్వనోమీటరును నిర్మించుటలో ఏండ్లతరబడి తోడ్పడిన పనివాడు అప్పటికి మరణించియుండెను. అతని అక్కచెల్లెండ్రిద్దఱు బీదస్థితిలో నున్నారని విని ఐంథోవెన్ వారిని వెదకించి, సొమ్ములో సగము వారికిచ్చెనట. స్ఫటికపు పోగును తీయుట, వెండి పూయుట, తెగకుండ బిగించుట అను పనులు ఎంత నేర్పుగల చేతులకు గాని సాధ్యము కావని తలంచినచో, ఈ కథ అసంభవముగ తోచదు.

ఆయన కుమారుడు, తండ్రి పేరే గలవాడు, విద్యుదింజనీరై తంత్రిని గాలిలేని గొట్టములో నమర్చి ఇంకను చుఱుకుగ పనిచేయునట్లు చేసెను. తరువాత అతడు జావాలోని బాండుంగ్ నగరమున రేడియో ప్రయోగశాలకు అధ్యక్షుడాయెను. తాత పనిచేసిన ద్వీపమునకు మనుమడు ఇట్లు తిరిగి చేరెను. విల్లెం ఐంథోవెన్ 1927 సెప్టెంబరు 29 వ తేదీన లైడెన్‌లో, అఱువదియేడవ యేట, దీర్ఘకాలము వ్యాధిపీడితుడై పరమపదించెను.

ఇక ఆ యంత్రము ఎట్లు గోరంతయైనదో చూతము. రేడియో గొట్టములు వచ్చిన తరువాత బరువైన అయస్కాంతము అక్కఱలేకపోయెను. అయినను 1940 దశకపు చివర అమెరికాలో నార్మన్ హోల్టర్ అను శాస్త్రజ్ఞుడు, మనుష్యుడు తిరుగాడుచుండగా గుండె గీతను పంపవలెనని సంకల్పించినపుడు, వీపున మోయవలసిన మూట సుమారు 38 కిలోగ్రాములు తూగెను. వైద్యుని గదిలో ఐదు నిమిషములు పరుండిన రోగి గుండె అప్పుడు చక్కగా కొట్టుకొనవచ్చును. అర్ధరాత్రి కాలువగట్టున పొలమునకు నీరు పెట్టుచుండగా కన్నులు చీకట్లు క్రమ్మి పడిపోవు రైతునకు ఆ ఐదు నిమిషముల గీత యేమి మేలు చేయును? అతని గుండె లయ తప్పు క్షణమున యంత్రము అతని యొడలిమీదనే యుండవలెను. ఇది ముచ్చట కొఱకైన పని కాదు, ప్రాణములకు సంబంధించిన పని.

1947 లో ట్రాన్సిస్టరు, 1958 లో పెక్కు ట్రాన్సిస్టర్లను ఒకే పలుకుమీద పొదుగు విద్య వచ్చెను. దానితో పరిమాణము తగ్గెనుగాని, ఐంథోవెన్ ఎదుర్కొనిన శత్రువులు మాత్రము మాఱలేదు. వీధిలో గుఱ్ఱపుబండి అదురునకు బదులు ఇప్పుడు ఇంటి గోడలలోని కరెంటు తీగలు ఉన్నవి. సెకనుకు 50 మారులు ఊగు ఆ విద్యుత్తు మన దేహము మీద వ్రాలి, గుండె విద్యుత్తును మించిపోవును. దీనికి ఉపాయము త్రిభుజములోనే యున్నది. రెండు చోటులకును సమానముగ వచ్చినదానిని త్రోసివేసి, వాని భేదమును మాత్రమే పెంచవలెను. ఇంకను చర్మమునకు అంటించిన లోహపు బిళ్ల తానే యొక చిన్న బ్యాటరీవలె పనిచేసి, గుండె విద్యుత్తునకు మూడు వందల రెట్లు వఱకు స్థిరమైన వోల్టేజిని కలుపవచ్చును. దానిని మెల్లగ వడపోయవలెనన్న మిక్కిలి పెద్ద నిరోధకము కావలెను. అంతటిది చిప్పులో పట్టదు. అందుచేత మూసియున్న ట్రాన్సిస్టరునే నిరోధకముగ వాడుదురు. 2003 లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున రీడ్ హారిసన్ మొదలగువారు మెదడులోని నరముల సంకేతములకై ఇట్టి సాధనముతో కల్పించిన ఆంప్లిఫయరు వాట్టులో పదిలక్షలవ వంతులు 80 మాత్రమే తీసికొని, చదరపు మిల్లీమీటరులో ఆఱవ వంతు చోటులో ఇమిడెను. మెదడులో నుంచు చిప్పు అతిగా వేడెక్కినచో చుట్టునున్న కణములకు హాని కలుగును. కనుక అచట తక్కువ విద్యుత్తు అనునది బ్యాటరీ మన్నిక కొఱకు మాత్రమే కాదు.

తక్కువ విద్యుత్తుతో పని జరుపుటకు మార్గమును మొదట చూపినవారిలో స్విట్జర్లాండు చేతిగడియారముల ఇంజనీర్లు ముఖ్యులు. మన కాలువ తూము తలుపును పూర్తిగా ఎత్తక, అడుగునుండి జాలుగా జారు నీటితోనే పని జరుపుకొనినట్లు, ట్రాన్సిస్టరును పూర్తిగా తెరవక దాని గడప దిగువననే నడపుట ఆ మార్గము. కాని దీనికి ఒక వెల గలదు. ప్రవాహము తగ్గిన కొలది ఆంప్లిఫయరు తన రొదను తాను పుట్టించుకొనును. ఆ రొదను సగము చేయవలెనన్న ప్రవాహమును నాలుగు రెట్లు చేయవలెను. నేలకు రాళ్లు నింపి తప్పించుకొనునట్టి అదురు కాదిది. ప్రకృతి నియమము. చిప్పును రచించువాని బుద్ధి యంతయు ఈ బేరముననే ఖర్చగును. గుండె గీతకు చాలినంత నిశ్శబ్దము, బ్యాటరీకి చాలినంత పొదుపు, ఈ రెంటి నడుమ ఎచట ఆగవలెను?

2012 లో అనలాగ్ డివైసెస్ సంస్థవారు విక్రయమునకు తెచ్చిన యొక చిప్పు నాలుగు మిల్లీమీటర్ల చదరము. ఆంపియరులో పదిలక్షలవ వంతులు 170 మాత్రమే పీల్చును. గడియారములలో వేయు నాణెమంత బ్యాటరీ దానిని ఒక్కదానిని సుమారు 55 దినములు నడపగలదు. కాని గీతను వైద్యునికి పంపు రేడియో అంతకంటె ఎక్కువ తినును. సెకనుకు 250 మారులు కొలిచి, ప్రతి కొలతను 12 అంకెలలో వ్రాసినచో, దినమునకు ఇరువదియైదు కోట్లకు పైగా అంకెలగును. అన్నియు పంపుట దుబారా. అందుచేత లయ తప్పినదో లేదో చిప్పు తానే తీర్మానించి, తప్పిన భాగమును మాత్రము దాచు పద్ధతి వచ్చెను. 2014 లో వచ్చిన యొక సాధనము రెండున్నర గ్రాములే తూగును. చర్మము క్రింద నుంచినచో మూడేండ్లు గుండెను కనిపెట్టియుండును. దీనికి తీగలు లేవు, ఉప్పునీటి తొట్లు లేవు, ఐదుగురు పనివారు లేరు.

అయినను అంతయు జయింపబడినదని తలంపరాదు. ఇత్తడి పళ్లెపు అంచుల మీద నిలచి తరంగమాడు నర్తకుని ఱొమ్మునకు ఇట్టి పట్టీ నొకదానిని అంటించితిమనుకొనుడు. అడుగు పడిన ప్రతిమారును చర్మము సాగి, బిళ్ల జరిగి, గుండె తరంగముకంటె పెద్దదైన దొంగ తరంగమొకటి పుట్టును. అది ఇంచుమించు తాళముతోనే వచ్చును గనుక, గుండె దెబ్బ ఏదియో అడుగు దెబ్బ ఏదియో చిప్పు విడదీయలేక తబ్బిబ్బుపడును. కదలికను వేఱుగా కొలుచు సాధనమును ప్రక్కన నుంచి, దాని లెక్కను గీతనుండి తీసివేయుటకు ప్రయత్నములు జరుగుచున్నవి. సాధనపు దోషమును కొలిచి లెక్కతో దిద్దుట యను ఆ పద్ధతి, పాదరసపు గొట్టము ముందు కూర్చుండి లైడెన్‌లో ఐంథోవెన్ చేసినదే.